కార్పెట్ ఆరకపోతే తప్పు మన చేతిదా, మిషన్‌దా?

నేను షార్జాలో ఒక క్లీనింగ్ కంపెనీలో కార్పెట్ టీమ్‌లో పనిచేస్తున్నాను. ఈసారి మైకు నా చేతికి ఇచ్చారు. డ్యూటీ మీద వినడం కుదరనివాళ్ళు రూమ్‌కొచ్చాక చదువుకోవడానికి, మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

విల్లాలో మజ్లిస్ కార్పెట్ కడిగి వస్తాం. మర్నాడు మేడమ్ దగ్గర్నుంచి ఫోన్. ఇంకా తడిగానే ఉంది, వాసన కొడుతోంది అని. సూపర్‌వైజర్ ఏమంటాడు? నీళ్ళు ఎక్కువ కొట్టావ్ అంటాడు. కొన్నిచోట్ల జీతంలో కోత కూడా పెడతారు. మా టీమ్‌లో జగిత్యాల వైపు తమ్ముడొకడు 2 నెలలు ఇదే మాట పడ్డాడు. చివరికి మిషన్ విప్పి చూస్తే వేస్ట్ ట్యాంక్ మూత రబ్బరు చీలిపోయి ఉంది. గాలి అక్కడే పోతుంటే వాండ్ మూతి దగ్గర నీళ్ళు ఎలా లాగుతుంది చెప్పండి!

అందుకే ముందు లీకులు చూడండి. మూత రబ్బరు, హోస్ జాయింట్లు, వాండ్ మెడ. సబ్బు నురగ రాసి మిషన్ ఆన్ చేస్తే, లీకు ఉన్నచోట నురగ లోపలికి పోతుంది. పైసా ఖర్చు లేని పని. హోస్ కూడా ఎంత పొడుగుంటే లాగుడు అంత తగ్గుతుంది. 15 మీటర్లు చాలేచోట 30 మీటర్లు చుట్టుకుని కూర్చోకండి, మిషన్నే గది దగ్గరికి జరపండి.

తర్వాత జెట్లు. జెట్ మీద 11002 లాంటి నంబరు ఉంటుంది. 110 అంటే నీళ్ళు విచ్చుకునే కోణం. 02 అంటే 40 పీఎస్ఐ ప్రెషర్ దగ్గర నిమిషానికి 0.2 గ్యాలన్, అంటే ముప్పావు లీటరు. 02 జెట్లు రెండున్నా, 01 జెట్లు నాలుగున్నా పడే నీళ్ళు ఒకటే. నాలుగు జెట్ల మూతిలో నీళ్ళు సమానంగా పరుచుకుంటాయి, చారలు తక్కువ. అదే నాలుగూ 02 వేశారనుకోండి, నీళ్ళు రెట్టింపు. మోటారు మాత్రం పాతదే. ఎక్కడ లాగుతుంది? ప్రెషర్ పెంచినా ఇదే కథ. 40 నుంచి 160 పీఎస్ఐకి పోతే నీళ్ళు రెండింతలవుతాయి. నీళ్ళు ఎక్కువైతే శుభ్రం ఎక్కువ అనుకునే సూపర్‌వైజర్లకు ఈ లెక్క చూపించండి. జెట్‌లో ఉప్పు పట్టి నీళ్ళు వంకరగా కొడితే వెనిగర్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తోమండి. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ జెట్ పనికిరాదు.

ఇప్పుడు అసలు సంగతి, గ్లైడ్. వాండ్ మూతికి తొడిగే టెఫ్లాన్ పట్టీ అది. స్టీలు మూతి తడి కార్పెట్ మీద కరుచుకుని లాగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా లాగితే భుజం, నడుము ఏమవుతాయో మీకు నేను చెప్పాలా? గ్లైడ్ వేశాక వాండ్ జారినట్టు వస్తుంది, నూలు పీకదు, మూతి కార్పెట్‌కి సరిగ్గా ఆనుతుంది కాబట్టి నీళ్ళు కూడా బాగా లాగుతుంది. నా మాట అడిగితే, కంపెనీతో ఒక్కటే కొనిపించే అవకాశం ఉంటే ఇదే కొనిపించండి. కొత్త మిషన్ కాదు.

2 ఇంచుల వాండ్ గురించి చాలామంది అడుగుతున్నారు. వీడియోల్లో చూసి ఆశపడతాం. అవి వ్యాన్‌లో బిగించిన పెద్ద మిషన్లకు. మన తోపుడు మిషన్‌కి అంత వెడల్పు పైపు తగిలిస్తే గాలి వేగం తగ్గి నీళ్ళు పైపులోనే వెనక్కి జారతాయి. ఒకటిన్నర ఇంచే మనకు నయం. వాండ్ మీద పారదర్శకంగా ఉండే చిన్న కిటికీ ఉంటే మాత్రం చాలా ఉపయోగం. అందులో నీళ్ళు కనిపించడం ఆగేదాకా, ట్రిగ్గర్ నొక్కకుండా ఉత్తగా లాగుతూ ఉండాలి.

చేతి పని కూడా చెప్పేస్తా. వెనక్కి లాగేటప్పుడే నొక్కండి. చివరికి ఒక జానెడు ముందే ట్రిగ్గర్ వదిలేయండి, లేకపోతే ఆ చివర్లో మడుగు కడుతుంది. ఆ తర్వాత కనీసం 2 సార్లు నీళ్ళు లేకుండా లాగండి. చేతితో నేసిన ఇరానీ ఊలు తివాచీలకు ఈ మాటలేవీ వర్తించవు, రంగు దిగితే మన మెడకు చుట్టుకుంటుంది. అవి తెలిసినవాళ్ళకే అప్పజెప్పండి.

ఇంకో మాట. ఈ సామాన్లు సొంత జేబులోంచి కొనకండి. ఒకాయన సొంత దిర్హాములతో గ్లైడ్ కొని బిగించాడు. సెలవు మీద ఊరికెళ్ళి వచ్చేసరికి ఆ వాండ్ వేరే టీమ్‌కి పోయింది. పనిముట్టు కంపెనీది, కంపెనీయే కొనాలి. చీలిన రబ్బరు ఫోటో తీసి, తేదీతో సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో పంపండి. నోటితో చెప్పింది రేపు కోత వేసేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. గ్లైడ్ అడిగేటప్పుడు మూతి పొడవు, వెడల్పు టేపుతో కొలిచి అదే మెసేజ్‌లో పెట్టండి. ఒక కంపెనీ వాండ్‌కి చేసింది ఇంకోదానికి పట్టదు.