రక్తంలో మెదడు పార్శిల్ దొరుకుతుందా?

ఇవాళ సూటిగా ఒక ప్రశ్న. చేతి నరం నుంచి తీసిన రక్తంతో మెదడులో ఏం జరుగుతోందో తెలుసుకోవచ్చా?

ఈ ఆశకి కారణం ఉంది. మన ఒంట్లో కణాలు చిన్న చిన్న బుడగల్ని బయటికి వదులుతుంటాయి. వీటిని ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు, షార్ట్‌గా ఈవీలు. చిన్నవి 30 నుంచి 150 నానోమీటర్లు ఉంటాయి. లోపల ఆ కణం తాలూకు ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏ. కొరియర్ పార్శిల్ అనుకోండి. మెదడు పంపిన పార్శిల్ దొరికితే అల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్ని ముందే పసిగట్టొచ్చు కదా!

చిక్కు ఎక్కడంటే, రక్తంలోని ఈవీల్లో ఎక్కువ భాగం ప్లేట్‌లెట్లు, ఇతర రక్తకణాలవే. మనం డేటాబేస్‌లో ఫిల్టర్ పెట్టినట్టు, ఇక్కడ ఫ్రమ్ అడ్రస్ చూసి వేరు చేయాలి. ఆ అడ్రస్‌గా చాలా ల్యాబ్‌లు వాడింది న్యూరాన్ల మీద ఉండే ఎల్1క్యామ్ అనే ప్రోటీన్. దాన్ని పట్టుకునే యాంటీబాడీని పూసలకి తగిలించి ఈవీల్ని లాగేవాళ్లు.

2021లో హార్వర్డ్‌లోని డేవిడ్ వాల్ట్, జార్జ్ చర్చ్ బృందాలు ఈ ఫిల్టర్‌నే టెస్ట్ చేశాయి. రక్తపు ప్లాస్మాని ఒక కాలమ్ గుండా పంపితే పెద్దవైన ఈవీలు ముందు, విడి ప్రోటీన్లు తర్వాత బయటికొస్తాయి. ఈవీల గుర్తులైన సీడీ9, సీడీ63, సీడీ81 ముందే వచ్చాయి. ఎల్1క్యామ్ మాత్రం వెనక, విడి ప్రోటీన్లతో పాటు వచ్చింది. అంటే పార్శిల్ మీద ఉండాల్సిన స్టిక్కర్ విడిగా తేలుతోందన్నమాట! పైగా ఈ ప్రోటీన్ కిడ్నీలో కూడా ఉంటుంది.

అందరూ ఒప్పుకున్నారా? లేదు, చర్చ నడుస్తూనే ఉంది. కానీ ఏ కొత్త మార్కర్‌కైనా రెండు పరీక్షలు తప్పవు. ఒకటి, అది నిజంగా బుడగ మీదే ఉందా? రెండు, ఆ అవయవానికే సొంతమా? లోపలి సరుక్కీ ఒక చెక్ ఉంది. ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైమ్ వేస్తే బయట తేలేవి పోతాయి, బుడగ పొర లోపలివి నిలుస్తాయి.

అలాగని రక్తపరీక్షలన్నీ వేస్ట్ అనుకోకండి. ఈవీలతో పని లేకుండా, రక్తంలోని రెండు ప్రోటీన్లని నేరుగా కొలిచే అల్జీమర్స్ టెస్ట్‌కి 2025 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అదీ లక్షణాలున్న పెద్దవాళ్లకే.

రేపు ఫ్యామిలీ గ్రూప్‌లో "ఒక్క రక్తపు చుక్కతో మెదడు రిపోర్ట్" అని ఫార్వర్డ్ వస్తే, తాతయ్యని ల్యాబ్‌కి తీసుకెళ్లే ముందు ఒక్క మాట అడగండి. ఆ బుడగ మెదడుదేనని ఎలా తేల్చారు? జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచి, న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.