మెల్‌బోర్న్‌లో మేము నేర్చుకున్న ఇంగ్లీషు

(డిసెంబరు 17, పెన్షనర్స్ డే సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను ఆస్ట్రేలియా విశేషాలు చెప్పమన్నారు. కంగారూలనూ, సముద్రపు ఒడ్డునూ ఫొటోల్లో మీరందరూ చూశారు కనుక వాటి జోలికి వెళ్లను. మనలో చాలామంది పిల్లలు బయటి దేశాల్లో ఉన్నారు. ఏడాదికో రెండేళ్లకో ఆరు నెలలు వెళ్లి ఉండి రావడం మనకు ఇప్పుడు మామూలైపోయింది. వెళ్లేముందు ఆవకాయ జాడీలకు సీలు వేయించడం దగ్గర నుంచి అన్నీ చూసుకుంటాం. నోటి సంగతి మాత్రం చూసుకోం. దాని గురించే చెబుతాను.

నేను 1971లో ఎల్.డి.సి.గా చేరి 2007లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ఆ ముప్ఫై ఆరేళ్లలో ఎన్ని డ్రాఫ్టులు పెట్టానో లెక్కలేదు. ‘విత్ రిఫరెన్స్ టు ది లెటర్ సైటెడ్’ అని మొదలుపెడితే కలం ఆగేది కాదు. ఆఫీసర్లు నా డ్రాఫ్టులో కామా కూడా మార్చేవారు కాదని కొంచెం గర్వం ఉండేది. మా ఆవిడ చదివింది అయిదో తరగతి. ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా నా చేతికిచ్చేది. అందుచేత 2023 మేలో మా అబ్బాయి దగ్గరికి విమానం ఎక్కేటప్పుడు, మా ఇద్దరికీ సరిపడా ఇంగ్లీషు నా దగ్గరే ఉందనుకున్నాను.

మా వాడుండేది మెల్‌బోర్న్ నగరానికి పడమర వైపు, టార్నీట్ అనే కొత్త పేటలో. ఆ చుట్టుపక్కల మనవాళ్లు బాగా ఉన్నారు. 2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాసినవారు 59 వేల పైచిలుకు. మనవాళ్ల దుకాణంలో గోంగూర, గుంటూరు కారం, సాయంత్రం పార్కులో మనలాంటి తాతయ్యలు, నానమ్మలు. మొదటి రెండు నెలలు ఇంగ్లీషు అవసరమే రాలేదు. వచ్చిన ఒకటి రెండుసార్లూ నవ్వులపాలయ్యాను. బస్సు డ్రైవరు ‘హౌ యా గోయింగ్?’ అంటే, ఎక్కడికి వెళుతున్నావని అడిగాడనుకుని ‘హాపర్స్ క్రాసింగ్ స్టేషన్’ అన్నాను. బాగున్నారా అని కుశలం అడిగాడట. మనవడు అది వారం రోజులు చెప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను.

నవ్వలేనిది జులై మొదటి వారంలో జరిగింది. అక్కడ అది చలికాలం, స్కూళ్లకు సెలవులు. మా ఆవిడకు నాలుగైదు రోజులుగా ఒంట్లో నలతగా ఉంది. అడిగితే పొత్తికడుపులో నొప్పి అంది, అంతే. అబ్బాయి ఆఫీసు పని మీద సిడ్నీ వెళ్లాడు. కోడలు చీకటితో పోయి చీకటితో వచ్చే ఉద్యోగం. అలసి వచ్చిన పిల్లకు చెప్పడమెందుకని ఈవిడ చెప్పలేదు. డాక్టరుకు ఖర్చవుతుందన్న భయం కూడా ఉంది. చివరికి నేనే పదకొండేళ్ల మనవణ్ణి వెంటబెట్టుకుని ఆవిణ్ణి బస్సులో క్లినిక్కుకు తీసుకువెళ్లాను. వాడు ఇంగ్లీషులో చెబుతాడు, తక్కువైతే నేనున్నాను కదా అని ధీమా.

డాక్టరు మంచి మనిషి, నెమ్మదిగానే అడిగాడు. మనవడు చెప్పాడు. ఆవిడ ‘నొప్పి’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పలేదు. అప్పుడు డాక్టరు నా వైపు తిరిగి, ‘వాటర్‌వర్క్స్ ఆల్‌రైట్?’ అన్నాడు. వాటర్‌వర్క్స్ అంటే మనకు మునిసిపాలిటీ నీళ్ల పంపుల శాఖ. ఇంట్లో నీళ్లు బాగా వస్తున్నాయా అని మర్యాదకు అడుగుతున్నాడు కాబోలు అనుకుని, ‘ఎస్ సార్, వెరీ గుడ్’ అన్నాను. ఆయన ఇంకోసారి అడిగాడు. నేను ఇంకోసారి ‘ఎస్ సార్’ అన్నాను. మూత్రానికి ఇబ్బంది ఏమైనా ఉందా అని అక్కడి డాక్టర్లు అలా సున్నితంగా అడుగుతారట. ఆవిడకున్న జబ్బు సరిగ్గా అదే. నా నోటితో నేనే కాదని చెప్పి వచ్చాను. ఆయన కడుపునొప్పికి మాత్రలు రాసిచ్చాడు.

మూడో రోజు రాత్రి వణుకుతో జ్వరం. కోడలు కారులో ఎమర్జెన్సీకి తీసుకువెళ్లింది. అక్కడి నర్సు మా మొహాలు చూసి ఏ భాష అని అడిగి, మంచం పక్కన ఒక ఫోను పెట్టి స్పీకరు నొక్కింది. అందులోంచి ఒక స్త్రీ గొంతు, ‘నమస్కారమండీ, నేను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. మీరు చెప్పింది చెప్పినట్టు చెబుతాను, బయట ఎవరికీ చెప్పను’ అంది. నర్సు నన్ను కాసేపు బయట కూర్చోమంది. ఇరవై నిమిషాల తర్వాత లోపలికి పిలిచారు. ఇన్‌ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందన్నారు. అయిదు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. ఇన్సూరెన్సు తీసుకుని వెళ్లాం గనుక బతికిపోయాం. ఇక్కడున్నవారెవరైనా అది లేకుండా మాత్రం విమానం ఎక్కవద్దు.

కాస్త తేరుకున్నాక, ‘నాతో అయినా చెప్పలేదేం?’ అన్నాను. ‘ఏమండీ, ఆ మాట పదకొండేళ్ల పసివాడి చేత చెప్పించమంటారా? మీతో చెబితే మీరు వాడితో చెప్పమనేవారు కాదూ?’ అంది. నా దగ్గర జవాబు లేదు. నేను అలాగే చేసి ఉండేవాణ్ణి.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో నాకు పల్నాడు జ్ఞాపకం వచ్చింది. అక్కడి ఒక తాలూకాఫీసులో నేను సీటులో ఉన్న రోజుల్లో, సుగాలీ తండా నుంచి ఒక ముసలామె అర్జీ పట్టుకుని వచ్చేది. ఆమెకు తెలుగు సరిగా రాదు. బడికి వెళుతున్న చిన్న మనవణ్ణి తెచ్చుకుని వాడి చేత చెప్పించేది. వాడికి సగం తెలిసేది కాదు. నేను ‘పెద్దవాళ్లనెవరినైనా తీసుకుని రేపు రా’ అనేవాణ్ణి. ఎన్ని రేపులు అన్నానో గుర్తులేదు. ఆమె వాడి ముందు చెప్పలేని మాట ఏదైనా ఉందేమోనని అప్పుడు నాకు తోచలేదు.

ఇంటికి వచ్చాక ఈ ఏర్పాట్ల గురించి వాకబు చేశాను. ఫైలు చూస్తే పూర్వాపరాలు తిరగేయడం మన అలవాటు కదా. ఇప్పుడు ఇంత ఆదరంగా ఫోను పెట్టే ఈ దేశమే 1901లో చట్టం చేసి, మనబోటి రంగువాళ్లను రానివ్వకుండా భాషనే అడ్డుకర్రగా వాడింది. రేవులో దిగినవాడికి ఆఫీసరు ఏదైనా ఒక యూరపు భాషలో యాభై మాటల డిక్టేషన్ ఇవ్వవచ్చు. తప్పితే వెనక్కి పంపవచ్చు. ఏ భాష అన్నది ఆఫీసరు ఇష్టం. 1934లో ఎగాన్ కిష్ అనే రచయితను రానివ్వకూడదనుకున్నారు. ఆయనకు యూరపు భాషలు చాలా వచ్చు. అందుకని వెతికి వెతికి స్కాటిష్ గేలిక్‌లో డిక్టేషన్ పెట్టారు. ఆ దేశపు హైకోర్టు అది చట్టంలో చెప్పిన యూరపు భాష కిందకు రాదని తీర్పు చెప్పి, ఆ శిక్ష కొట్టేసింది. ఆ డిక్టేషన్ పరీక్ష 1958 దాకా చట్టంలో ఉంది. రూలును ఎలా వాడుకోవచ్చో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు లెండి.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత పనివాళ్లు కావలసి వచ్చారు. 1947 నుంచి ఓడల్లో వచ్చిన లిథువేనియా, లాట్వియా, ఎస్తోనియా వాళ్లను మొదట బోనెగిల్లా అనే శిబిరంలో ఉంచారు. వాళ్లకు నేర్పడంతో మొదలై, 1948 నుంచి పెద్దవాళ్లకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పే ప్రభుత్వ పథకం ఇప్పటికీ నడుస్తోంది. ఒకప్పుడు మనిషికి 510 గంటలు అని పరిమితి ఉండేది. 2021లో అది తీసేశారు. చంటిపిల్లల తల్లులు క్లాసులో ఉన్నంతసేపూ పిల్లలను చూసుకునే ఏర్పాటు కూడా ఆ పథకంలోనే ఉంది. ఫోనులో దుబాసీ సేవ 1973లో పుట్టింది. దాని నంబరు 131 450, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. పిల్లలు అక్కడ ఉన్నవారు రాసుకోండి. 000కి ఫోను చేసినా భాష పేరు చెప్పి ఇంటర్‌ప్రెటర్ కావాలనవచ్చు.

అయితే ఆ ఉచిత క్లాసులు ముఖ్యంగా అక్కడ స్థిరపడే అనుమతి ఉన్నవారికీ, శరణార్థులకూ. మాబోటి చుట్టపుచూపు వాళ్లకు లేవు. మాకు దారి చూపింది పక్కింటి గ్రీకు ఆవిడ. ఎనభై దాటినామె, చిన్నతనంలో ఓడలో వచ్చిందట. గోడ మీదుగా మా ఆవిడకు నిమ్మకాయలిస్తూ సైగలతో చెప్పింది: నైబర్‌హుడ్ హౌస్‌లో గురువారం పూట ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకునే గుంపు ఉంది, రా అని. ఆ విక్టోరియా రాష్ట్రంలో ఇలాంటి హౌసులు నాలుగు వందల దాకా ఉన్నాయి. మన కమ్యూనిటీ హాలు లాంటిదే, కాకపోతే తాళం వేసి ఉండదు. కుట్లు, యోగా, కంప్యూటరు, ఇంగ్లీషు, అన్నీ అక్కడే. లైబ్రరీల్లో కూడా ఇటువంటి గుంపులు నడుస్తాయి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.

చెప్పేది ఒక రిటైర్డ్ టీచరు, జీతం లేదు. బల్ల చుట్టూ పదిమంది: వియత్నాం ఆవిడ, ఇద్దరు ఆఫ్ఘను స్త్రీలు, బర్మా నుంచి థాయిలాండ్ శిబిరాల మీదుగా వచ్చిన కారెన్ జాతి దంపతులు, దక్షిణ సూడాన్ నుంచి ఒక పొడుగాటి తల్లి. గ్రామరు పుస్తకం తెరవలేదు. ఆ రోజు పాఠం, ‘నాకు అర్థం కాలేదు, మళ్లీ నెమ్మదిగా చెప్పండి’ అనడం. ఒక్కొక్కరూ గట్టిగా అనాలి. అందరూ అన్నారు. నా వంతు వచ్చేసరికి గొంతు పెగల్లేదు. ‘ఐ షల్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ కైండ్లీ’ అని మొదలుపెట్టాను. ఆమె చేయెత్తి ఆపి, అంత అక్కరలేదు, మూడు మాటలు చాలంది. ముప్ఫై ఆరేళ్లు ‘అర్థం కాలేదు’ అని పైవాళ్లతో ఎన్నడూ అనని మనిషికి ఆ మూడు మాటలే కష్టం. మా ఆవిడ మాత్రం ‘సారీ, నో అండర్‌స్టాండ్, స్లో ప్లీజ్’ అని టక్కున అనేసింది. అది తప్పు ఇంగ్లీషని నేను గొణిగితే, టీచరు ‘నాకు అర్థమైందిగా’ అంది.

ఇంకో మాట చెప్పి నవ్విస్తాను. నెలాఖరున అందరం కలిసి తినేరోజు ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అన్నారు. పళ్లేలు తక్కువేమోనని నేను రెండు ఖాళీ స్టీలు పళ్లేలు తుడిచి సంచిలో పెట్టాను. పళ్లెంలో ఏదైనా వండి తెమ్మని దాని అర్థమట. ఖాళీ చేతులతో ఎలా వెళతామని మా ఆవిడ ముందే పులిహోర కలిపింది కనుక పరువు దక్కింది.

నాలుగు నెలలు వెళ్లాం. ఆ టీచరు ఒక సంగతి కనిపెట్టింది: ఏ ప్రశ్న అడిగినా మా ఆవిడ నోరు తెరిచేలోపు నేను జవాబు చెబుతున్నాను. రెండో వారం నుంచి నన్ను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మొదట చిన్నతనంగా అనిపించింది. ఆ తర్వాతే మా ఆవిడ ఫోనులో తన పేరు అక్షరం అక్షరం చెప్పడం, పుట్టిన తేదీ చెప్పడం, ఏ మందు పడదో చెప్పడం నేర్చుకుంది. అక్టోబరులో కిడ్నీ పరీక్షకు అపాయింట్‌మెంటు తనే ఫోను చేసి తీసుకుంది. గదిలోకి వెళ్లేముందు రిసెప్షన్‌లో ‘తెలుగు, ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్, లేడీ’ అంది. మనవణ్ణి చూసి, ‘నువ్వు బయట ఆడుకో నాన్నా’ అంది. వాడి మొహంలో కనిపించిన తేలిక చూసి, ఆ బరువు వాడి మీద కూడా ఎంత ఉందో నాకప్పుడు తెలిసింది.

ఇక నా మనవి. మన సంఘ భవనం బుధవారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది. వచ్చే నెల నుంచి ఒక గంట, పిల్లల దగ్గరికి వెళ్లబోయేవారికి మాట్లాడే ఇంగ్లీషు పెడదామని అధ్యక్షులవారిని అడిగాను, ఒప్పుకున్నారు. పుస్తకం ఉండదు, ఫీజు ఉండదు, టీ మాత్రం ఉంటుంది. ముందు స్త్రీలకు. నడిపేది మా ఆవిడ. మన సభ్యులలో ఇద్దరు రిటైర్డ్ టీచరమ్మలు సాయం వస్తామన్నారు. పేర్లు కోశాధికారిగారి దగ్గర ఇవ్వండి. భర్తలు కూడా రావచ్చు, కాని వరండాలో కూర్చోవాలి. అక్కడ పేపర్లు వేయిస్తాం.