ఇంగ్లీషు నేర్చుకొనుటలో కంప్యూటరు సాయము



బదిలీమీద దూరప్రాంతములకు పోవు తెలుగు కుటుంబములలో, కార్యాలయమునకు వెళ్లువారికి దస్త్రములే నిత్యము ఇంగ్లీషు నేర్పును. వెంట వచ్చిన ఇల్లాలికిగాని, వృద్ధులైన తల్లిదండ్రులకుగాని ఆ వీలు లేదు. బడిలో ఉపాధ్యాయినితో మాటాడవలసినపుడు, ఆసుపత్రిలో నొప్పి ఎక్కడనో చెప్పవలసినపుడు మాట గొంతులోనే నిలిచిపోవును. భాష తెలియకపోవుటకంటె, తప్పు పలికిన నవ్వుదురను సంకోచమే వారినెక్కువగా మూగవారిని చేయుచున్నది. ఇట్టివారికి కంప్యూటరు ఎంతవరకు తోడ్పడునో విచారింపదగియున్నది.

నేర్చిన మాట ఏల మరచిపోవుదుము అను ప్రశ్న పాతది. 1885లో జర్మనీ దేశీయుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తినే పరీక్షించుకొని, మరపు మొదట వేగముగను, పిదప మెల్లగను సాగునని చూపెను. నూరేండ్ల పిమ్మట, 1985లో, పోలండులోని పోజ్నాన్ నగరమున పియోతర్ వోజ్నియాక్ అను విద్యార్థి, ఇంగ్లీషు మాటలను కాగితములపై వ్రాసికొని, ఎన్ని దినములకొకసారి చూచినచో అవి మనసున నిలుచునో పరీక్షించెను. 1, 7, 16, 35 దినముల వ్యవధులను ఏర్పరచుకొనెను. 1987లో ఆ లెక్కను కంప్యూటరునకు అప్పగించి ‘సూపర్‌మెమో’ అను ప్రోగ్రామును రచించెను. ఇంగ్లీషు మాతృభాష కానివాని అవసరమునుండియే ఇట్టి సాధనము పుట్టుట గమనింపదగినది. 2006లో వెలువడిన ‘అంకి’ ఆ మార్గమునే అనుసరించినది. అది కంప్యూటరుపై ఉచితముగా లభించును. తెలుగు లిపిని కూడ స్వీకరించును.

దాని పద్ధతి సులభము. చీటీకి ఒకవైపు తెలుగు వాక్యము, రెండవవైపు ఇంగ్లీషు వాక్యము వ్రాసికొనవలెను. మొదటివైపు చూచి రెండవదానిని జ్ఞాపకము చేసికొని, పిమ్మట సరిచూచుకొనవలెను. సులభముగా తోచిన చీటీ పెక్కు దినములకు, తప్పిపోయిన చీటీ త్వరలోనే మరల కనబడును. ఊరక చదువుటకంటె, జ్ఞాపకము చేసికొనుటకై పడు ప్రయాసయే మాటను నిలుపును.

అయితే చీటీపై ఏమి వ్రాయవలెనో ఆ యంత్రమునకు తెలియదు. తెలుగువారి చిక్కులు తెలుగువారికే తెలియును. తెలుగున జ్వరము మనిషికి వచ్చును. ఇంగ్లీషున మనిషికి జ్వరము ఒక సొత్తువలె ఉండును. ‘మా అమ్మాయికి రెండు దినములనుండి జ్వరము’ అను వాక్యమున క్రియయే లేదు. ‘మై డాటర్ హాజ్ హాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్’ అనునపుడు క్రియ నడుమకు వచ్చును, ‘ఎ’ అను చిన్నమాట జ్వరమునకు ముందు నిలుచును. బస్‌ను బస్సుగా, కార్‌ను కారుగా మార్చుకొను అచ్చాంతమైన అలవాటు మరియొకటి. కావున విడిమాటలు కాక, తమకు నిత్యము పనిబడు పూర్తి వాక్యములనే చీటీలపై వ్రాసికొనుట మేలు.

యంత్రము విసుగుకొనదు, నవ్వదు. నూరుసార్లు తప్పినను నూటొకటవసారి అదే ఓర్పుతో అడుగును. సంకోచించువారికి ఇది గొప్ప వరము. మాట విని బదులు పలుకు ప్రోగ్రాములు కూడ నేడు కలవు. కాని వైద్యుడు ఎదురుప్రశ్న వేసినపుడు తడబడక నిలుచు ధైర్యము మనుష్యులతో మాటాడినగాని రాదు.

కావున ఇంటివారి బాధ్యత తప్పదు. ఇంగ్లీషు బడిలో చదువు పిల్లలు అమ్మ పలుకులోని తప్పునకు నవ్వినచో, నెల దినముల అభ్యాసము ఒక్క నిమిషమున వ్యర్థమగును. దినమునకు పది నిమిషములు చీటీలకు, మరి పది నిమిషములు ఇంటిలోని సంభాషణకు కేటాయింపవలెను. బడి, ఆసుపత్రి, బ్యాంకు, రైల్వే స్టేషను వంటి చోట్ల అవసరపడు వాక్యములను సంఘసభ్యులు కలిసి కూర్చినచో, క్రొత్తగా వచ్చు ప్రతి కుటుంబమునకు అవి అక్కరకు వచ్చును. మరపును యంత్రము కొంత తీర్చగలదు. బిడియమును తీర్చవలసినవారు తోటి మనుష్యులే.