పాఠంలో లేని రోగి

ఈ సాయంత్రం మనం తలచుకుంటున్నది ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో మానసిక వైద్యం బోధించిన జాన్ ఫ్రయర్‌ను. 1972 మే 2న డాలస్‌లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వార్షిక సమావేశం జరుగుతోంది. ఆయన ముఖానికి రబ్బరు మాస్కు, తలకు విగ్గు, ఒంటికి వదులుగా వేలాడే సూటు వేసుకుని, గొంతు గుర్తుపట్టకుండా మార్చే మైకు ముందు కూర్చున్నారు. అక్కడ ఆయన పేరు డాక్టర్ హెచ్. అనానిమస్. తాను స్వలింగ ప్రేమికుణ్ణనీ, మానసిక వైద్యుణ్ణి కూడాననీ తోటి డాక్టర్లకు చెప్పారు. ఆ డాక్టర్ల సంఘమే అచ్చువేసిన వ్యాధుల జాబితాలో అప్పటికి స్వలింగ ప్రేమ ఒక జబ్బు.

ఆ మారువేషం వెనకున్న భయం ఉత్త భయం కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రెసిడెంటుగా ఉన్నప్పుడు ఈ కారణానికే ఆయన చోటు పోయింది. టెంపుల్‌లో ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆయన మాట్లాడిన ఆ చర్చను పట్టుబట్టి పెట్టించినవాళ్ళు డాక్టర్లు కారు. బార్బరా గిటింగ్స్ ఉద్యమకారిణి. ఫ్రాంక్ కామెనీ తన స్వభావం బయటపడి ప్రభుత్వోద్యోగం పోగొట్టుకున్న ఖగోళ శాస్త్రవేత్త. వేదిక మీద స్వయంగా స్వలింగ ప్రేమికుడైన డాక్టరు ఒకరు ఉండి తీరాలన్నది గిటింగ్స్ సహచరి కే లాహుసెన్ ఆలోచన. అడిగిన డాక్టర్లలో ఒప్పుకున్నది ఫ్రయర్ ఒక్కరే. ఆ మనిషి తానేనని ఆయన బహిరంగంగా చెప్పుకున్నది 1994లో.

ఈ చరిత్రలో మొదటి అడుగు మాత్రం అంతకు చాలా ముందే పడింది. వేసింది ఒక విద్యార్థి. 1940లలో లాస్ ఏంజెలెస్‌లో ఈవెలిన్ హుకర్ సైకాలజీ పాఠాలు చెప్పేవారు. ఆమె దగ్గర చదివిన సామ్ ఫ్రమ్ తన స్నేహితులను ఆమెకు పరిచయం చేశాడు. కొన్నాళ్ళకు, మావంటివాళ్ళ మీద పరిశోధన చెయ్యడం మీ బాధ్యత అని సూటిగా అడిగాడు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు చాలావరకు జైళ్ళలోనో, పిచ్చాసుపత్రుల్లోనో ఉన్నవాళ్ళ మీద చేసినవి. అక్కడ దొరికినవాళ్ళను చూసి అందరూ అంతేనని రాసేశారు. హుకర్ ఏ చికిత్సలోనూ లేని 30 మంది స్వలింగ ప్రేమికులైన పురుషులను ఎంచుకున్నారు. వయసులో, చదువులో, తెలివిలో వారికి సరితూగే మరో 30 మంది ఇతరులను తెచ్చారు. సిరా మరకల పరీక్షతో సహా కొన్ని పరీక్షలు పెట్టి, పేర్లు తీసేసి, ఆ ఫలితాలను ఆయా పరీక్షల్లో ఆరితేరిన నిపుణులకు ఇచ్చారు. ఏది ఎవరిదో వాళ్ళు తేల్చుకోలేకపోయారు. 1957లో ఆ పరిశోధన పత్రం అచ్చయింది. దాన్ని చూడకుండానే సామ్ ఫ్రమ్ కారు ప్రమాదంలో పోయాడు. వైద్యవిద్య అతనికి ఎంతో రుణపడి ఉంది.

1973 డిసెంబరులో సైకియాట్రిక్ అసోసియేషన్ తన జాబితా నుంచి ఆ జబ్బును తీసేసింది. ఒప్పుకోనివాళ్ళు సభ్యుల చేత ఓట్లు వేయించారు. 1974లో ఓటు వేసినవారిలో 58 శాతం మంది తీసివేతనే సమర్థించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని చెయ్యడానికి 1990 మే దాకా పట్టింది.

జాబితాలోంచి తీసేస్తే పాఠం దానంతట అది మారదు. జబ్బు కాదని తేలాక, ఈ మనుషులకు వచ్చే మామూలు జబ్బులకు వైద్యం ఎలా చెయ్యాలో ఎవరు చెప్పాలి? స్త్రీతో కాపురముంటున్న స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష అక్కర్లేదని అనుకునే డాక్టర్లు ఉన్నారు. అది తప్పు. హార్మోన్లు వాడుతున్న ట్రాన్స్ మహిళ కాలు వాచి వస్తే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. ఇవన్నీ వైద్యం పాఠాలే.

2007లో స్టాన్‌ఫర్డ్ వైద్యవిద్యార్థులు కొందరు ఒక పరిశోధన బృందంగా ఏర్పడ్డారు. వాళ్ళు ఎంచుకున్న పద్ధతి ఎంతో విలువైనది. నినాదానికి బదులు లెక్క కట్టారు. అమెరికా, కెనడాల్లోని 176 వైద్యకళాశాలల డీన్లకు ప్రశ్నావళి పంపి, ఈ విషయాలకు మొత్తం కోర్సులో ఎన్ని గంటలు ఇస్తున్నారని అడిగారు. 132 కళాశాలలు పూర్తి జవాబులు ఇచ్చాయి. 2011లో జామా పత్రికలో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మధ్యస్థ విలువ 5 గంటలు. వార్డుల్లో నేర్చుకునే సంవత్సరాల్లో అసలు ఒక్క గంట కూడా లేదని మూడో వంతు కళాశాలలు ఒప్పుకున్నాయి. మరో అంకె దగ్గర ఆగి చూడాలి. మీ శారీరక సంబంధాలు పురుషులతోనా, స్త్రీలతోనా, ఇద్దరితోనా అని రోగిని అడగడం 97 శాతం కళాశాలల్లో నేర్పుతున్నారు. రోగి ధైర్యం చేసి జవాబు చెప్పాక డాక్టరు ఏం చెయ్యాలన్న దగ్గరే పాఠం పలచబడుతోంది. 2014లో అమెరికా వైద్యకళాశాలల సంఘం విద్యార్థికి రావలసిన 30 నైపుణ్యాలను తొలిసారి గ్రంథస్థం చేసింది.

మన దేశంలో పాఠం ఉండేది, కానీ ఉన్న చోటు తప్పు. ఎంబీబీఎస్ విద్యార్థికి స్వలింగ ప్రేమ ఎదురయ్యేది ఫోరెన్సిక్ మెడిసిన్‌లో, లైంగిక నేరాల అధ్యాయంలో. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377, 1860 నాటి శిక్షాస్మృతిలోది. పుస్తకం దాన్ని అనుసరించింది. ఆ బెంచీల మీద స్వలింగ ప్రేమికులైన విద్యార్థులు కూడా కూర్చునేవారు. తమ జీవితాన్ని నేరాల పట్టికలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకోవలసి వచ్చేది. దీన్ని చిన్న విషయంగా తీసుకోవడానికి లేదు.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, వయోజనులు ఇష్టపడి కలిసుంటే అది నేరం కాదని చెప్పింది. 2019 ట్రాన్స్‌జెండర్ల చట్టంలోని సెక్షన్ 15, వైద్యవిద్య పాఠ్యక్రమాన్ని సమీక్షించమని ప్రభుత్వాన్నే ఆదేశించింది. అయినా కదలిక మరో చోటి నుంచి వచ్చింది. మదురై నుంచి ఇద్దరు యువతులు ఇళ్ళు వదిలి చెన్నై చేరి, పోలీసుల నుంచి రక్షణ కోరారు. మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఈ విషయంలో తనకు అవగాహన చాలదని చెప్పి, ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. తీర్పు చెప్పవలసిన మనిషి ముందు విద్యార్థి అయ్యారు. 2021 జూన్ 7 నాటి ఆయన ఉత్తర్వు, ఈ మనుషులను ‘మారుస్తామనే’ చికిత్సలను నిషేధించింది. కేరళలో క్వీర్‌రిథమ్, దిశ సంస్థలు పాఠ్యపుస్తకాల మీదే హైకోర్టుకు వెళ్ళాయి. 2021 అక్టోబరులో జాతీయ వైద్య కమిషన్, కించపరిచే రాతలున్న పుస్తకాలను ఆమోదించవద్దని కళాశాలలకు లేఖ రాసింది. 2022లో ఆ మార్పిడి చికిత్స చెయ్యడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని తేల్చింది.

అదే 2022లో ఉస్మానియా జనరల్ ఆస్పత్రిలో ప్రాచి రాథోడ్, రూత్ జాన్‌పాల్ మెడికల్ ఆఫీసర్లుగా చేరారు. ఇద్దరూ ట్రాన్స్ మహిళలు. ప్రాచి ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివారు. ఆమెకు అంతకుముందు ఉన్న ఒక ప్రైవేటు ఉద్యోగం పోయింది. రూత్‌ను ఒక్కో ఆస్పత్రీ వెనక్కి పంపింది. పీజీ సీటు కోసం రూత్ హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. 2023లో హైదరాబాద్ ఈఎస్ఐ కళాశాలలో ఎమర్జెన్సీ మెడిసిన్‌లో చేరారు. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించి వారంటు లేకుండా అరెస్టు చెయ్యడానికి వీలిచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది కూడా ఆ ఏడాదే. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద ఆ తీర్పు వచ్చింది.

అక్కడితో ఒడ్డున పడ్డామనుకునే వీలు లేకపోయింది. 2024 ఆగస్టు 31న వైద్య కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్యక్రమంలో స్త్రీల మధ్య ప్రేమ మళ్ళీ అసహజ నేరాల పట్టికలో కనిపించింది. కన్యత్వం గురించిన పాత నిర్వచనాలు కూడా తిరిగొచ్చాయి. అప్పటికి జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 377 లేనేలేదు. డాక్టర్లు, వైకల్య హక్కుల కార్యకర్తలు, ట్రాన్స్ సంఘాలు వెంటనే గొంతెత్తారు. సెప్టెంబర్ 5న ఆ పత్రాన్ని ఉపసంహరించి, 12న సవరించిన ప్రతి ఇచ్చారు. చదివి పట్టుకున్నవాళ్ళు లేకపోతే ఆ ఏడాది చేరిన పిల్లలు అదే నేర్చుకునేవారు.

తప్పుడు మాట పోయిన చోట సరైన పాఠం రావాలి. ట్రాన్స్ రోగిని ఏ వార్డులో చేర్చాలి, కేస్ షీటు మీద ఏ పేరు రాయాలి, తల్లిదండ్రులు ‘మార్చండి’ అంటూ ఇరవై ఏళ్ళ కొడుకును ఓపీకి తెస్తే ఏం చెప్పాలి? వీటికి మెడిసిన్, సైకియాట్రీ, గైనకాలజీ, సర్జరీ విభాగాలు నాలుగూ తలా కొంత సమయం ఇవ్వాలి. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కట్టిన లెక్కను మన రెండు రాష్ట్రాల్లో ఏ కళాశాల విద్యార్థులైనా కట్టవచ్చు. విభాగాలవారీ టైంటేబుల్ ఉంటే చాలు. ఏ పాఠం ఏ గంటలో చెప్పారో రాసి, ఖాళీగా మిగిలిన గడులతో సహా ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.