సేబుల్: జంతువును, పేరును

ఒక జంతువు పేరు ఆ జంతువు నెన్నడు నెరుగని దేశములకు గూడ ప్రాకిపోవుట అరుదు. సైబీరియా అడవులలో నివసించు సేబుల్ విషయమున అట్లే జరిగినది. మనలో దీనిని కన్నులార చూచినవారు మిక్కిలి తక్కువ. అయినను మన కృష్ణా గోదావరులలో ఈదులాడు నీటికుక్కయు నిదియు ఒకే కుటుంబమునకు చెందినవి. సన్నని దేహము, గుండ్రని చెవులు, కుచ్చువంటి తోక, ముదురు గోధుమవన్నెగల మెత్తని బొచ్చు: ఇదియే దాని రూపము.

ఆ బొచ్చే దాని ప్రాణముమీదికి వచ్చినది. 16వ శతాబ్ది చివర యెర్మాక్ అను కొసాక్కు నాయకుడు యూరల్ పర్వతములను దాటిన పిమ్మట, రష్యా ప్రభువులు సైబీరియా ప్రజలనుండి ‘యసాక్’ అను కప్పమును తోళ్ల రూపమున గైకొనిరి. వానిలో సేబుల్ తోలే మేలైనది. ఈ తోళ్లను నలుబదేసి చొప్పున కట్టలు గట్టి లెక్కించెడివారు. రష్యను భాషలో నలుబదికి గల ‘సోరక్’ అను మాట ఆ కట్ట పేరునుండియే పుట్టినదని పలువురు భాషావేత్తల అభిప్రాయము.

రష్యనులు ఈ జంతువును ‘సోబల్’ అందురు. ఆ మాట తోళ్ల వర్తకముతోబాటు పడమటికి నడచి, ఫ్రెంచివారి ద్వారా ఆంగ్లమున ‘సేబుల్’ అయినది. ఐరోపా రాజవంశముల చిహ్నములలో ఈ పదమునకు నలుపు అని అర్థము. జంతువేమో గోధుమవన్నెది, పేరేమో నలుపునకు వచ్చినది! తరువాత ఆంగ్లకవులు చీకటికిని, శోకవస్త్రములకును దీనినే వాడిరి. ఆఫ్రికాలో పోతు నల్లగానుండు ఒక పెద్దకొమ్ముల మృగమునకు సేబుల్ అను పేరు కలుగుటకు గూడ ఆ రంగే కారణము. చిత్రకారులు మెచ్చు ‘కొలిన్‌స్కీ సేబుల్’ కుంచెలో నుండునది సేబుల్ వెండ్రుక గాదు, సైబీరియాలోని మరియొక చిన్న జంతువు తోకవెండ్రుక. ఇక కెనడా తీరమునగల సేబుల్ ద్వీపమునకును ఈ జంతువునకును సంబంధమే లేదు. అచటి పదము ఇసుక యను అర్థముగల ఫ్రెంచి మాట.

పేరిట్లు వ్యాపించుచుండగా జంతువు క్షీణించినది. 20వ శతాబ్ది ఆరంభమునాటికి పెక్కుచోట్ల సేబుల్ జాడయే లేకపోయెను. అప్పుడు, పాత రష్యా పంచాంగము ప్రకారము 1916 చివర, బైకాల్ సరస్సు తూర్పుతీరమున దీని రక్షణకై బర్గుజీన్ అభయారణ్యము నేర్పరచిరి. వేటను కొన్నియేండ్లు నిషేధించిరి; అంతరించిన అడవులలో మరల తెచ్చి విడిచిరి. అందుచేతనే నేడు ఈ జాతి అపాయస్థితిలో లేదు.

మన పిల్లలు నిఘంటువు తిరగవేయునపుడు ఈ మాట తటస్థించినచో, నలుపు అను అర్థముతో ఆగక, ఆ మాటవెనుకనున్న ప్రాణిని గూర్చియు వారికి చెప్పుదము.