థాయ్ దేశ దేవాలయ దర్శనం: కొన్ని అనుభవాలు, ఒక మనవి

(మన ఆలయ కల్యాణమండపంలో జరిగిన మాసిక సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



గత మాసంలో మన ఆలయ భక్తులము 22 మందిమి ఐదు దినముల థాయిలాండ్ పర్యటన చేసి వచ్చినాము. ఇటువంటి ప్రయాణాన్ని ఇకపై ట్రస్టు తరఫున ఏటేటా నిర్వహించవచ్చునా, నిర్వహిస్తే అది యాత్ర అనిపించుకొంటుందా లేక వట్టి విహారమేనా అని పెద్దలు ప్రశ్నించినారు. జీవితమంతా సంస్కృత పాఠాలు చెప్పుకొన్నవాణ్ణి గనుక జవాబు చెప్పే భారం నా మీద ఉంచినారు. నా అభిప్రాయం కడపట విన్నవిస్తాను. ముందు చూచినది చెప్పనీయండి.

బ్యాంకాక్ అన్న పేరు పరదేశీయుల నోట నిలిచినది. ఆ దేశస్థులు తమ రాజధానిని క్రుంగ్ థెప్ అంటారు. థెప్ అనగా దేవ శబ్దమే; దేవనగరమని భావం. దాని పూర్తి నామధేయం మన పురోహితులు చెప్పే సంకల్పమంత పొడవు. అందులో మహానగరం, రత్నకోసింద్రం, మహేంద్రం, అయోధ్య అన్న మాటలన్నీ వరుసగా దొర్లుతాయి. ఇంద్రుడు ప్రసాదించగా విశ్వకర్మ నిర్మించినది అన్న అర్థంతో ఆ నామం ముగుస్తుంది. 1782లో ఈ నగరాన్ని రాజధానిగా చేసికొన్న చక్రి వంశపు రాజులను రాముడన్న పేరుతోనే లెక్కిస్తారు. ఇప్పుడు సింహాసనం మీద ఉన్నది పదవ రాముడు.

ఇవన్నీ వినేసరికి మా బస్సులో ఉత్సాహం పొంగిపోయినది. “ఇదంతా మనదే కదండీ!” అన్న మాట మొదటి రోజు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాటలో ప్రేమ ఉన్నది, కాదనను. అయితే మనదే అనుకొన్న వస్తువును మనం శ్రద్ధగా చూడము. అది నాకు ఆ రోజే, పచ్చబుద్ధుని ఆలయంలో తెలిసివచ్చినది.

వాట్ ఫ్రా కేవ్ అని పిలిచే ఆ ఆలయం రాజప్రాసాదపు ఆవరణలో ఉన్నది. చుట్టూ ప్రాకార మండపాల గోడల మీద రామకథను 178 చిత్రాలలో వ్రాసినారు. బంగారు పూత, అతి సూక్ష్మమైన రేఖ. ఒక్కొక్క చిత్రం ముందు గడియసేపు నిలువదగినది. మాకు ఇచ్చిన వ్యవధి మొత్తం నలుబది నిమిషాలు. మావారిలో చాలామంది “మన రామాయణమే” అని రెండు చిత్రాలు చూచి ముందుకు సాగినారు. కాని అది రామకియన్. మొదటి రాముడనే రాజు కాలంలో కూర్చిన వారి రామాయణం. అందులో సీత తొసకన్ కన్న బిడ్డ. తొసకన్ అనగా మన దశకంఠుడు. హనుమంతుడు తెల్లని దేహం గలవాడు, పైగా సంసారి! సేతువు కట్టేవేళ రావణుని కూతురైన మత్స్యకన్యను వరించి కొడుకును కంటాడు. ప్రతి మంగళవారం ఆకుపూజ చేయించే అమ్మగారొకరు మాతో వచ్చినారు. ఈ మాట వినగానే “శివశివా” అని చెవులు మూసికొన్నారు.

అప్పుడు నేను ఆమెకు మన మైరావణ కథను జ్ఞాపకం చేసినాను. తెలుగునాట తాతమ్మలు చెప్పిన ఆ కథలో హనుమంతుని చెమట బిందువును మింగిన చేప కడుపున మత్స్యవల్లభుడు పుట్టలేదా? పాతాళ ద్వారం వద్ద తండ్రితోనే తలపడలేదా? ఇక్కడ మైరావణుని పేరు మైయరాప్, ఆ బాలుని పేరు మచ్చాను. మనవారు స్వామి బ్రహ్మచర్యాన్ని కాపాడుకొంటూ కథ అల్లుకొన్నారు. వారు మరొక తీరున అల్లుకొన్నారు. ఆమె ఒక క్షణం ఆలోచించి, “అయితే ఆ పిల్లవాని బొమ్మ ఎక్కడున్నదో చూపించండి” అన్నారు. తక్కిన సమయమంతా ఆమె ఆ గోడలను వదలలేదు. వారిది వేరని ఒప్పుకొన్న తరువాతనే ఆమె చూడసాగినారు. ఈ ముక్క మనస్సులో ఉంచుకొని తక్కినది వినండి.

గర్భాలయంలోని బుద్ధమూర్తి ఎత్తు 66 సెంటీమీటర్లు మాత్రమే. మరకతమని పేరేగాని నిజానికి ఒకే ఆకుపచ్చ జేడు శిలలో మలచినది. ఎండకాలానికి, వానకాలానికి, చలికాలానికి మూడు బంగారు అలంకారాలు. ఋతువు మారినప్పుడు రాజే స్వయంగా అలంకారం మారుస్తాడు. లోపల ఛాయాచిత్రాలు తీయరాదు. కూర్చున్నప్పుడు పాదాలు మూర్తి వైపు చాపరాదు. వెనుకకు మడిచికొని కూర్చోవలె. భుజాలు, మోకాళ్ళు కప్పనివారికి ప్రవేశం లేదు. చీరలు, పంచెలు కట్టిన మావారిని కావలివారు ఆపలేదు. అన్నట్లు ఆ ఆలయ ద్వారాలను కాచే మహాకాయులైన యక్షులలో తొసకన్ ఒకడు. రావణుణ్ణి ద్వారపాలకునిగా నిలుపుకొన్న ఊహ నాకు ముచ్చట గొలిపినది. మన జయవిజయుల కథ తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున పవ్వళించిన బుద్ధుణ్ణి, అరికాళ్ళలో ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలను, నది ఆవలి ఒడ్డున అరుణుని పేర వెలసిన వాట్ అరుణ్‌ను చూచినాము. వీటిని గురించి పుస్తకాలలో కావలసినంత ఉన్నది, నేను విస్తరించను.

కార్యక్రమంలో లేని ఒక చోటికి మాత్రం పట్టుపట్టి తీసికొనిపోయినాను. ఎర్రని టేకు స్తంభాలతో ఆకాశాన్నంటే మహా ఉయ్యాల ఒకటి ఆ నగరం నడుమ ఉన్నది. దాని దగ్గరనే దేవస్థాన్ అనే బ్రాహ్మణాలయం. 1784లో కట్టినది. శివునికి, గణపతికి, నారాయణునికి మూడు చిన్న మందిరాలు. రాజపురోహితుల పూర్వులు దక్షిణ భారతం నుండి వెళ్ళినవారు. పట్టాభిషేకాది రాజ సంస్కారాలు నేటికీ వారి చేతి మీదుగా జరుగుతాయి. ప్రతి సంవత్సరం మే మాసంలో రాజలాంఛనాలతో తొలిదుక్కి దున్నిస్తారు. ఎడ్ల ముందు ఏడు రకాల పదార్థాలుంచి, అవి ముట్టినదానిని బట్టి ఆ యేటి ఫలం చెప్పుతారు. మన ఏరువాక తలపునకు రాక మానదు.

ఆ మందిరాలలో శీతకాలంలో జరిగే ఉత్సవం పేరు త్రియంపవాయ్ త్రిపవాయ్. ఒక్కసారి ఆ పేరును పైకి పలికి చూడండి. తిరువెంబావై, తిరుప్పావై! పండితులు ఈ రెండు పేర్లను ఆ ద్రావిడ దివ్యగానాలతోనే జోడించినారు. ధనుర్మాసంలో తెల్లవారకమునుపే మన ఆలయంలో గోదాదేవి పాశురాలు వినిపించే రోజులకు దాదాపు దగ్గరగానే అక్కడ ఈ ఉత్సవం జరుగుతుంది. తరతరాలుగా సముద్రం ఆవల, తమిళం ఎరుగని నోళ్ళలో, అక్షరాలు అరిగి అర్థం మరుగుపడినా, వారు ఆ గానాన్ని విడువలేదు. ఉయ్యాల ఊగే వేడుక 1935లో నిలిచిపోయినది; మందిరంలోని క్రతువు నిలువలేదు. అర్థం తెలిసిన మనలో ఎందరము ముప్పది పాశురాలూ పూర్తిగా అప్పగించగలమో ఎవరికి వారే చెప్పుకోవలె.

నగరం మధ్యలో కూడలి వద్ద 1956లో ప్రతిష్ఠించిన చతుర్ముఖ బ్రహ్మకు నిత్యం బంతిపూల మాలలు గుట్టలుగా పడుతాయి. మొక్కు తీరినవారు నాట్యం చేయించి పోతారు. బ్రహ్మకు పూజ లేదని చెప్పుకొనే మనకు వింతగా ఉంటుంది. గుంటూరు సీమ చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మ ఆలయమున్నదని మావారిలో సగం మందికి తెలియదు. ఇరుగున ఉన్నదాన్ని చూడక విమానమెక్కినాము.

మూడవ రోజు ఉత్తరంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని అయుత్థయకు వెళ్ళినాము. అయోధ్య పేరు పెట్టుకొన్న రాజధాని. 1350లో వెలసి, 1767లో బర్మా సైన్యం చేతిలో తగులబడినది. ఇటుక గోపురాల మొండి గోడల వెంట వరుసగా బుద్ధమూర్తులు కూర్చొని ఉన్నారు. చాలావాటికి తలలు లేవు. కొన్ని యుద్ధంలో పోయినవి. కొన్నిటిని తరువాతి కాలంలో దొంగలు కోసికొని పురావస్తువుల అంగళ్ళకు చేర్చినారు. వాట్ మహాథాత్‌లో ఒక బుద్ధుని శిరస్సు మాత్రం చెట్టు వేళ్ళలో చిక్కుకొని, వేళ్ళే పీఠమై నిలిచినది. అది నేలకు దగ్గరగా ఉన్నది. అక్కడ బొమ్మ తీయించుకోదలచినవారు దానికంటె తమ తల ఎత్తున ఉండకుండా చతికిలబడవలె. మావారందరూ వయస్సు మళ్ళినవారైనా మోకాళ్ళు పట్టుకొని కూర్చున్నారు. ఎవరూ సణగలేదు.

మరునాడు అంగళ్ళ వంతు. మేక్లోంగ్‌లో కూరగాయల గంపలను రైలు పట్టాల అంచున పెట్టి అమ్ముతారు. రైలు రాగానే గుడారపు బట్టలు చటుక్కున ముడుస్తారు. అది వెళ్ళగానే మళ్ళీ పరుస్తారు. చూడవలసిన వేడుకే. డామ్నోన్ సదువాక్ కాలువలో పడవల మీద సాగే అంగడి ఇప్పుడు ఎక్కువగా మనవంటి పర్యాటకుల కొరకే నడుస్తున్నదని నాకు తోచినది. అక్కడ ఒక దుకాణంలో బుద్ధుని తలలు వరుసగా పేర్చి ఉన్నవి. మాలో ఒక పెద్దాయన, విశ్రాంత ఇంజినీరు, ఇంటి ముందుగదిలో పెట్టుకొనేందుకు ఒకటి ఎత్తుకొన్నారు.

మాకు దారి చూపుతున్న థాయ్ యువతి చేతులు జోడించి, “అయ్యా, దీనిని దేశం దాటించాలంటే లలితకళల శాఖ అనుమతి కావలె. తలలకు, విడి అంగాలకు ఆ అనుమతి ఇవ్వరు” అన్నది. ఇది కొత్తగా పోతపోసినదే కదా, దొంగ సొత్తు కాదు కదా అని ఆయన వాదం. “మీ ఇంట మీ దేవుని తల మాత్రమే పెట్టుకొంటారా?” అని ఆమె మెల్లగా అడిగినది. ఆయన తడుముకోలేదు. “ఎందుకు పెట్టుకోము? వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముఖం పెట్టుకోమా?” అన్నారు. నిజమే. ఆ పిల్లకు జవాబు తోచలేదు. నేను కలుగజేసికొని, “కలశం అమ్మవారి దేహం, దానికి ముఖం అమర్చుకొంటున్నాము. ఇది దేహం నుండి తెంచిన తల. నిన్న చూచిన మొండెములను తలచుకోండి” అన్నాను. ఆయన ఆ బొమ్మను కొంతసేపు అటూ ఇటూ తిప్పి చూచి, వచ్చినచోటనే జాగ్రత్తగా ఉంచినారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ యువతి బస్సులో ఒక మాట చెప్పినది. థాయ్ భాషలో బుద్ధమూర్తిని, రక్షరేకును కొన్నామనరట, చావ్ అంటారట. అద్దెకు తీసికొన్నాము అని అర్థం. దేవుణ్ణి వెల ఇచ్చి సొంతం చేసికోవడం ఎవరి తరమూ కాదు గనుక. వ్యాపారం వ్యాపారమే, సొమ్ము చేతులు మారుతుంది; అయినా నోరు ఆ మాట పలుకదు. అంతకు ముందు నుండి “మనదే” అంటున్న మా బస్సులో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆమె చెప్పగా విన్న మరొక సంగతి. బురిరామ్ ప్రాంతంలో కొండ మీద ఫనోమ్ రుంగ్ అనే శివాలయం ఉన్నది. దాని ద్వారం మీది అనంతశయన విష్ణువు శిలాఫలకం 1960ల నాటికి మాయమై, అమెరికాలో షికాగో నగరపు ప్రదర్శనశాలలో తేలినది. ఆ దేశ ప్రజలు గట్టిగా అడిగి 1988లో తిరిగి తెప్పించుకొని యథాస్థానంలో నిలిపినారు. బౌద్ధులైన ప్రజలు శేషశాయి కొరకు చేసిన పోరాటం అది. మన అమరావతి స్తూపపు శిల్పాలు నేటికీ లండన్ ప్రదర్శనశాలలో ఉన్నవి. ఆ ఆగ్నేయ దేశాల తొలి బుద్ధమూర్తులలో అమరావతి శిల్పరీతి కనబడుతుందని కళాచరిత్రకారులు చెప్పుతారు. మన కృష్ణాతీరపు ఉలి అంత దూరం పోయినది.

భోజనం సంగతి చాలామంది అడుగుతున్నారు. శాకాహారానికి వారి మాట మంగ్సవిరత్. మాంసవిరతి అన్న మన మాటే. అయితే చేపల నుండి తీసిన రసం అక్కడ ఉప్పు వలె వాడుతారు గనుక ‘జే’ అని అడగడం మేలు. పసుపు జెండా మీద ఎర్రని అక్షరం ఉన్న దుకాణాలలో ఉల్లి, వెల్లుల్లి కూడ వేయరు. మన నియమాలవారికి అక్షరాలా సరిపోతుంది.

ఇక పెద్దలడిగిన ప్రశ్న. ట్రస్టు తరఫున ఈ ప్రయాణం తప్పక నిర్వహించవచ్చునని నా మనవి. అయితే ఇప్పటి ఏర్పాటుతో కాదు. రెండు పూటలు అంగళ్ళకు, నలుబది నిమిషాలు రామకథకు కేటాయించిన యాత్ర నాకు సమ్మతం కాదు. పడవల అంగడిని తీసివేసి ఆ పూట పచ్చబుద్ధుని ఆలయానికే ఇవ్వవలె. దేవస్థాన్ దర్శనం కార్యక్రమంలో చేర్చవలె. బయలుదేరక ముందు ఈ మండపంలోనే రెండు సాయంకాలాలు రామకియన్ కథను వినిపించవలె. ఆ పని నేను చేస్తాను. వచ్చేవారు అక్కడ దేవతామూర్తులను కొనబోమని ముందే ఒప్పుకోవలె. ఈ చివరి నిబంధన మీద ధర్మకర్తలలో ఒకరిద్దరికి సందేహమున్నదని విన్నాను. ఆ ఇంజినీరుగారు ఇక్కడే, మూడవ వరుసలో ఉన్నారు. వారిని అడగవచ్చును.