తలుపు చాటు చదువు



కొరియాలో పద్దెనిమిదో శతాబ్దంలో కిమ్ హాంగ్‌డో అనే చిత్రకారుడు ఓ పల్లె బడి బొమ్మ వేశాడు. పంతులుగారి ముందు ఒక కుర్రాడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. చుట్టూ పిల్లలు ముసిముసిగా నవ్వుతున్నారు. చూస్తే మనకూ నవ్వొస్తుంది. కాని కాస్త పరకాయించి చూడండి, అందులో ఒక్క ఆడపిల్లయినా లేదు!

ఆ బడిని 'సొదాంగ్' అంటారు. మన వీధిబడి లాంటిదే. వెయ్యి చైనా అక్షరాల పుస్తకంతో చదువు మొదలు. పాఠం కంఠతా పట్టి పంతులుగారికి అప్పజెప్పాలి. ఒక పుస్తకం పూర్తయితే పిల్లవాడి ఇంటినుంచి బడికి పిండివంటలు వెళ్ళేవి. అవి చేసిందెవరంటారు? ఇంట్లో ఆడవాళ్ళే కదా!

పై చదువులకు 'సొవొన్' అనే విద్యాలయాలుండేవి. మొదటిది 1543లో వెలిసింది. అక్కడ కన్‌ఫ్యూషియస్ ధర్మాలు బోధించేవారు, గతించిన గురువులను పూజించేవారు. పోను పోను అవి వందల సంఖ్యకు పెరిగి, పన్నులు కట్టక, రాజకీయాలకు నెలవులయ్యాయి. 1871లో ప్రభుత్వం 47 మాత్రం ఉంచి తక్కినవన్నీ మూయించింది. తొమ్మిదింటిని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ గడపలేవీ ఆడవాళ్ళు విద్యార్థినులుగా తొక్కలేదు. అయినా ఇమ్ యున్‌జిదాంగ్ (1721–1793) అనే ఆవిడ చదువుకుంది. ఎలాగంటారా? పుట్టింట్లో అన్నదమ్ములు శాస్త్రాలు చర్చించుకుంటూంటే విని నేర్చుకుంది. చిన్న వయసులోనే భర్త పోయాడు. పగలంతా ఇంటిచాకిరీ, రాత్రిళ్ళు పుస్తకాలు. పుట్టుకతో వచ్చిన స్వభావంలో ఆడా మగా తేడా లేదనీ, సాధన చేస్తే స్త్రీ కూడా మహాజ్ఞాని కాగలదనీ ధైర్యంగా రాసింది. ఆమె పోయాక 1796లో తమ్ముడూ, మరిదీ కలిసి ఆ రచనలు అచ్చు వేయించారు.

ఆడపిల్లలకంటూ వేరే బడి సియోల్‌లో 1886లోగాని రాలేదు. మేరీ స్క్రాంటన్ అనే అమెరికన్ మిషనరీ ఒకే ఒక్క విద్యార్థినితో మొదలుపెట్టింది. అదే నేటి ఇహ్వా మహిళా విశ్వవిద్యాలయం.

పిల్లలు పాఠాలు చదువుతూంటే వంటింట్లోంచి మనమూ వింటూనే ఉంటాం. రేపటినుంచి పొయ్యి కట్టేశాక వాళ్ళ పక్కన కూర్చుని ఆ పుస్తకం మనమూ ఓసారి తిరగేద్దాం. కొరియాలో ఆ ఇల్లాలికి చాటుగా దొరికిన చదువు మనకి ఎదురుగానే ఉంది. చెయ్యి చాపడమే ఆలస్యం. ఏమంటారు?

ఇక సెలవు.